‘నైస్’ అను విశేషణము

గుంటూరు ప్రాంతమున ఎండుమిరపకాయలను మరకు గొనిపోయినవారు ‘కారం నైసుగా పట్టు’ అని చెప్పుట కలదు. చీరాల నేతచీరను వ్రేళ్ల నడుమ నలిపి చూచి ‘నైసుగా ఉంది’ అనుటయు నిట్టిదే. ఈ రెండెడలను సన్నము, నునుపు అని యర్థము. ఇంగ్లీషు నేర్చిన యిండ్లలో మాత్రము ఆ పదమే కాఫీకి, కథకు, కోడలికి, వానకు నొక్కతీరున వర్తించుచున్నది. నాకు మరకాడి మాటయే మేలుగా తోచును; ఆ ‘నైసు’నకు కొలత యున్నది.

దీనికి మూలము లాటిను ‘నెస్కియుస్’, అనగా ఎఱుగనివాడు. ప్రాచీన ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతమున ఇంగ్లీషున ప్రవేశించినపుడు మూఢుడనియే యర్థము. పిమ్మట బిడియము, అతిసౌకుమార్యము మున్నగు భావములను దాటి, 16వ శతాబ్దమున సూక్ష్మమైనది, నిష్కర్షయైనది అను నర్థమును బొందెను. ‘ఇంపైనది’ యగుట 18వ శతాబ్దపు మాట. 1817 చివర వెలువడిన ‘నార్తాంగర్ ఆబీ’ నవలలో జేన్ ఆస్టెన్, హెన్రీ టిల్నీ అను పాత్రచేత ఈ పదమును దేనికి బడిన దానికి వాడుటను ఎగతాళి చేయించినది.

మూఢత్వము మనోహరత్వమగుట వింతయందురా? మన ‘ముగ్ధ’ను చూడుడు. ‘ముహ్’ ధాతువునుండి పుట్టిన యీ మాటకు తొలియర్థము తెలివి తప్పినది, తరువాత అమాయక, ఆపైని సుందరి. ఇంగ్లీషు పదము తన యజ్ఞానమును మఱచినది. మనది మఱవలేదు, రెంటిని ఒక్కచోటనే నిలుపుకొన్నది. కావుననే ఆ పొగడ్త నాకు సరిపడదు. ఏమియు నెఱుగకుండుటయే స్త్రీకి సొగసను తలపు అందులో నున్నది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరున శారదానికేతనమును నెలకొల్పి స్త్రీలకు చదువు చెప్పించుట ఆ తలపునకే ఎదురు.

పెండ్లిచూపులకు పోయివచ్చినవారు నేడును ‘పిల్ల నైస్’ అందురు. ఏమి చెప్పినట్లు? చదువుకొన్నదనియా, దయగలదనియా, లేక ఎదురుచెప్పదనియా? పెక్కుమారులు కడపటిదే. అట్లయిన లాటిను మూలార్థము వారికి తెలియకయే వారి నోట మరల బ్రతికినది!

గ్రంథవిమర్శలయందును ఇదే వరుస. ‘కథ నైస్‌గా ఉంది’ అని వ్రాసినవాడు ఆ కథను తుదిదాక చదివెనో లేదో తెలిసికొను దారి లేదు. పాత్రలు సజీవములా, కూర్పు బిగువుగలదా, మాట తేటయైనదా యని చెప్పినచో తప్పైనను వాదింపవచ్చును, నైస్‌తో వాదమెట్లు? కమ్మని పప్పు, పుల్లని గోంగూర, చల్లని మజ్జిగ యని ఒక్క విస్తరిలోని మూడింటికి మూడు మాటలుండగా, మన పట్టణపు పిల్లలు మూడింటిని నైసే యనుచున్నారు.