కృష్ణజింక ఎవరికి భయపడి పరిగెడుతుంది?

కొత్తపేట నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని ఎల్బీనగర్, చింతలకుంట దాటితే వనస్థలిపురంలో రోడ్డు వారనే ఒక కంచె మొదలవుతుంది. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు అది ఎవరూ పట్టించుకోని ముళ్లకంప. ఇంత ఖాళీ జాగా ఎలా మిగిలిందా అని ఆశ్చర్యపోయేవాళ్లూ ఉంటారు. అది మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం ఏలుబడిలో వేటమైదానం. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ ఉత్సవాల గుర్తుగా 1975లో ఆ పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానమైంది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. అక్కడి అసలు కాపురస్థులు కృష్ణజింకలు.

ఇలాంటి చోట్ల జనాన్ని వెంటబెట్టుకుని నడుస్తూ అడవిని విప్పి చెప్పేవాణ్ణి నేచురలిస్ట్ అంటున్నారు. అతను అటవీ శాఖ మనిషే కానక్కర్లేదు. పక్షుల సంఘం సభ్యుడో, జీవశాస్త్రం మాస్టారో, ఏళ్ల తరబడి అక్కడే తిరిగిన వాచరో కావచ్చు. మామూలు గైడు జంతువు కనిపించిన చోట బండి ఆపుతాడు. నేచురలిస్ట్ ఏమీ కనిపించని చోట ఆపుతాడు. అతని పనితనమంతా అక్కడే తేలిపోతుంది.

గడ్డిలో పెంటికల కుప్ప ఒకటి ఉందనుకోండి. బడిపిల్లలు ముక్కు మూసుకుని నవ్వుతారు. నవ్వనిచ్చి, అప్పుడు అడుగుతాడు: "మేక అయితే నడుస్తూ నడుస్తూ వేసుకుంటూ పోతుంది. ఇక్కడ ఒకే చోట ఇంత కుప్ప ఎలా పడింది?" పిల్లలు తోచిన జవాబులన్నీ చెబుతారు. అతను తొందరపడడు. మగ కృష్ణజింక రోజూ అదే చోటికి వచ్చి పెంటికలు వేసి, కంటి కింది గ్రంథి నుంచి ఊరే జిగురును కొమ్మల కొసలకు రాసి, ఈ జాగా నాది అని చాటుకుంటుందన్న సంగతి చివర్లో బయటపెడతాడు. ప్లాట్ల తగాదాలు వింటూ పెరిగిన ఎల్బీనగర్ పిల్లలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు!

ఈ విద్యలో నాకు అన్నిటికంటే నచ్చినది పేరును దాచిపెట్టడం. "అదిగో పాలపిట్ట" అనగానే పిల్లవాడు పేరు రాసుకుని చూడటం మానేస్తాడు. అందుకని ముందు, కూర్చున్నప్పుడు ఏ రంగు, ఎగిరినప్పుడు ఏ రంగు అని అడగాలి. తీగ మీద మట్టిరంగులో ముడుచుకున్న పిట్ట రెక్క విప్పితే నీలం మెరుస్తుంది. దసరా నాడు దాన్ని చూడాలని మనవాళ్లు ఎంత ఆరాటపడతారో తెలిసిందే. ఆ ఆరాటం కోసమే దాన్ని పట్టి పంజరంలో పెట్టి తిప్పడం నేరమని చెప్పడానికి కూడా అంతకంటే మంచి సమయం దొరకదు. ఆరుద్ర పురుగు దగ్గరా ఇదే పద్ధతి. తొలకరి తడి మట్టి మీద ఎర్రటి మఖమలు బొట్టులా నడిచే దాని కాళ్లు లెక్కపెట్టమంటే ఎనిమిది తేలతాయి. అంటే అది పురుగు కాదు, సాలీడు చుట్టం. పుస్తకంలో చదివితే ఆ సంగతి పరీక్షతో పోతుంది, కాళ్లు లెక్కపెట్టినవాడికి ఉండిపోతుంది.

మూఢనమ్మకాన్ని ఎగతాళి చేయకపోవడం మరో మెళకువ. తీతువు అరిస్తే కీడని ఇంట్లో విన్న పిల్ల ఉంటుంది. అరుపు ఎందుకో చూద్దాం రమ్మంటాడు నేచురలిస్ట్, కానీ దగ్గరికి తీసుకెళ్లడు. తీతువు గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య వట్టి నేల మీద గుడ్లు పెడుతుంది, గుడ్లకూ రాళ్ల రంగే. మనం ఒక్క అడుగు ముందుకేస్తే తొక్కేస్తాం. అందుకే ఆ తల్లి గోల. అవ్వ చెప్పింది అబద్ధమని తేల్చకుండానే పిల్ల మనసులో భయం పోయి జాలి వస్తుంది.

ఇక జింక పరుగు. కృష్ణజింక గంటకు 80 కిలోమీటర్ల దాకా ఉరుకుతుంది. నగరం నడుమ కంచెలో ఉన్న దాన్ని అంత వేగంగా తరిమేదెవరు? ఈ ప్రశ్నకు పిల్లలు కుక్క అంటారు, పులి అంటారు. చీతా అన్న జవాబు అరుదుగా వస్తుంది. మన మైదానాల్లో జింకను వెంటాడిన చీతా వేట వల్ల, ఆవాసం పోవడం వల్ల అంతరించింది. 1952లో ప్రభుత్వమే ఆ మాట ప్రకటించింది. సంస్థానాధీశులు మచ్చిక చేసిన చీతాలను జింకల మీదికి ఉసిగొల్పి వినోదించిన కాలమూ ఉంది. తరిమే మృగం పోయింది, పరుగు మాత్రం జింక కాళ్లలో మిగిలింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఆహారపు గొలుసు బట్టీ పట్టే కుర్రాళ్లను ఒక్క పూట ఇక్కడికి తెస్తే, ఆ గొలుసులో ఒక లంకె తెగితే ఏమవుతుందో కళ్లారా చూస్తారు.

దీని వెంటే ఇంకో చిక్కు ప్రశ్న వస్తుంది. ఇన్ని ఎకరాలుంటే దట్టంగా చెట్లు ఎందుకు నాటలేదు? మొక్క నాటడమే పర్యావరణమని బడిలో నేర్పాం కదా. కృష్ణజింకకు కళ్లూ కాళ్లే రక్ష. దూరం నుంచి శత్రువును చూడాలి, అడ్డంలేని నేల మీద ఉరకాలి. చిక్కటి తోపులో అది బతకలేదు. గడ్డి, రేగు, తుమ్మ, తంగేడు కలిసిన ఈ బీడులాంటి నేల దానికి నిండు అడవి. దక్కనులో ఇలాంటి నేలలకు బంజరని పేరుపెట్టి ఎన్ని పోగొట్టుకున్నామో! నా దృష్టిలో నేచురలిస్ట్ చెప్పాల్సిన పాఠాల్లో ఇదే ముఖ్యం, జనానికి రుచించనిదీ ఇదే.

ఇలా నడిపిస్తూ నేర్పడం కొత్త సంగతేం కాదు. అమెరికాలో యోసెమిటీ పార్కు 1920లోనే సందర్శకులకు ఉచితంగా ప్రకృతి నడకలు మొదలుపెట్టింది. ఆ విద్యకు సూత్రాలు కూర్చిన ఫ్రీమన్ టిల్డెన్ పుస్తకం 1957లో వచ్చింది. మనకూ పునాది లేకపోలేదు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. ఇక్కడి పక్షి ప్రేమికులు 1980లో సంఘం పెట్టుకున్నారు. పర్యావరణ విద్య తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. నల్లమల చెంచులకైతే ఇదంతా ఎవరూ నేర్పనక్కర్లేదు.

అయినా మన బడుల విహారయాత్ర తీరు వేరు. మూడు బస్సుల పిల్లలు, ఒక స్పీకరు, బ్యానర్ ముందు ఫొటో, తిరుగు ప్రయాణం. ముంగిసను చూడని పిల్లలు పోటీలో పులి బొమ్మ గీసి బహుమతి పట్టుకెళతారు. ఇరవై మందికి మించితే ఏ నేచురలిస్టూ ఏమీ చెప్పలేడు. వెనక వరుసకు మాట వినబడదు, ముందు వరుస అలికిడికి జింకలు ఆగవు.

కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ బడుల హెడ్మాస్టర్లకు ఒక మనవి. అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు ఎలాగూ చేస్తారు. ఆ హడావిడి అయ్యాక, చలి మొదలైన రోజుల్లో ఒక్క సెక్షన్‌ను మాత్రమే, అదీ ఇరవై మందికి మించని జట్లుగా తీసుకెళ్లండి. అటవీ అధికారులతో ముందుగా మాట్లాడి, నడిపించడానికి తెలిసిన మనిషిని అడగండి. పొద్దున్నే చేరుకోండి. స్పీకరు, చిప్స్ ప్యాకెట్లు బడిలోనే ఉంచి, పిల్లకో నోటుపుస్తకం, పెన్సిలు ఇవ్వండి.