చువొంగ్ ఊరి ఆకుటోపీ

వియత్నాం వరిమళ్లలో నాట్లేసేవాళ్ల తలమీది కోసు ఆకుటోపీని మనం ఫొటోల్లో చూసి ఊరుకుంటాం. ఆ చేతిపనికి పేరుమోసిన ఊరు హనోయికి దక్షిణాన, డే నది ఒడ్డునున్న చువొంగ్.

తాటిజాతి చెట్టు లేతాకును ముందు తెల్లబడేదాకా ఎండబెడతారు. తర్వాత కాలిన ఇనుపరేకు మీద పెట్టి, గుడ్డమూటతో అదిమి లాగుతారు. సెగ ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే ముడత పోదు. ఎంత సెగ చాలో చేతికే తెలియాలి. ఆపైన అచ్చు మీద 16 వెదురు కడియాలు, పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ. రెండు ఆకు పొరల మధ్య వెదురు తొడుగు పొర ఒకటి.

నన్ను కట్టిపడేసేది మాత్రం కుట్టు. ముడి కనబడకూడదు, ఆకు చిరగకూడదు, కడియం కదలకూడదు. దారం ఇప్పుడు నైలాన్‌దే. వానకు కుళ్లదు కదా, తప్పేముంది? ఎండా వానా ఆపే ఈ టోపీయే ఉక్కపోస్తే విసనకర్ర కూడా.

చాంద్రమాన నెలలో 4, 10, 14, 20, 24, 30 తేదీల్లో అక్కడ టోపీల సంత. హనోయి వెళ్లేవాళ్లు ఆ తేదీ చూసుకుని, పొద్దు పొడవకముందే బయల్దేరండి. బేరం మాత్రం మరీ గీచి ఆడకండి.