బెజ్జం ఖరీదు

పూస అందమంతా రంగులో ఉందనుకుంటారు కొనేవాళ్లు. చేసేవాళ్లని కదిపితే ముందు బెజ్జం సంగతి ఎత్తుతారు. బెజ్జం కాస్త వంకరపోతే పూస దండలో తల వాల్చేస్తుంది. అంచు పదునుగా మిగిలితే నెల తిరక్కుండానే దారాన్ని కోసేస్తుంది. లోపల మట్టి ఉండిపోతే అది రాలి మెడంతా అంటుతుంది. ఇక బెజ్జమే లేకపోతే అది పూస కాదు, గోలీ. చేత్తో గాజు నగలు చేసి అమ్మేవాళ్ల లాభనష్టాలు చాలావరకు ఈ కంత చుట్టూనే తిరుగుతాయి. బిల్లులో మాత్రం దాని ఊసే ఉండదు.

చల్లారిన గాజుని తొలవడం కష్టం, దండగ కూడా. అందుకే వేడిగా, మెత్తగా ఉన్నప్పుడే అందులో ఖాళీ ఉంచుకోవాలి. ఘానాలో క్రోబో జాతివాళ్లు పాత సీసాల్ని దంచి పొడి చేసి, మట్టి అచ్చుల్లో పోసి, మధ్యలో కర్రపెండలం ఆకు కాడ నిలబెట్టి కాలుస్తారు. పొడి కరిగి ముద్దయ్యేలోపు కాడ కాలి బూడిదైపోతుంది, దాని చోటే బెజ్జమవుతుంది. ఇంత చవకైన ఉపాయం ఇంకో చోట కనబడదు. మన దగ్గర దీనికి పూర్తిగా వేరే దారి ఉండేది.

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో, రేణిగుంటకీ శ్రీకాళహస్తికీ మధ్య పాపానాయుడుపేట ఉంది. ఆ చుట్టుపక్కల కలంకారీ అంటే తెలియనివాళ్లు ఉండరు గానీ, ఈ ఊరి పూసల గురించి మనకన్నా విదేశీ పురావస్తు పరిశోధకులకే ఎక్కువ తెలుసు. గాజు చరిత్ర మీద పనిచేసిన మరియాన్ స్టెర్న్ 1987లో రాసిన వ్యాసానికి ‘పాపానాయుడుపేట రహస్యం’ అనే పేరు పెట్టింది. అలోక్ కుమార్ కానుంగో 2016లో తెచ్చిన పుస్తకం శీర్షికలోనే ఆ ఊరి పేరు ఉంది.

వాళ్లకి ఇంత ఆసక్తి ఎందుకంటే, పుదుచ్చేరి పక్కన అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందట చేసిన చిట్టి గాజు పూసల్లాంటివి శ్రీలంక, థాయిలాండ్, వియత్నాం, మలేషియాల్లో దొరికాయి. ఆ జాతి పూసలే తర్వాతి శతాబ్దాల్లో సముద్రం దాటి ఆఫ్రికా లోపలి మపుంగుబ్వే దాకా వెళ్లాయి. అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వీటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరుపెట్టాడు. చాలావాటి పరిమాణం ఆవాలకీ మిరియాలకీ మధ్యన ఉంటుంది. తవ్వకాల్లో దొరికిన గాజు ముక్కల్ని చూసి ఇవెలా చేసి ఉంటారో ఊహించుకోవలసిందే. పాపానాయుడుపేటలోనైతే కొలిమి ముందు నిలబడి, ఆ పాత పద్ధతికి బతికున్న వారసత్వాన్ని కళ్లారా చూడగలిగారు.

కరిగిన గాజుని లాడా అనే ఇనుప గొట్టం కొసన పెద్ద శంకువులా పోగుచేస్తారు. లోపల కమ్మీ దూర్చి బోలు చేస్తారు. ఆ ముద్దని కొలిమిలో పెట్టాక, ఎదుటివైపు కూర్చున్న మేస్త్రి కొక్కెంతో గాజు కొసని అందుకుని రెండు చేతులా లాగడం మొదలెడతాడు. ఇక ఆపడానికి లేదు. గంటల తరబడి సన్నటి గాజు గొట్టం వస్తూనే ఉంటుంది. చేతివేగం పెరిగితే గొట్టం సన్నబడుతుంది, తగ్గితే లావెక్కుతుంది. విచిత్రమేమిటంటే, గాజు ఎంత సాగినా లోపలి బోలు తానూ సన్నబడుతుంది తప్ప మూసుకుపోదు. అంటే ఆ ఒక్క ముద్దలోని ఒక్క బోలు నుంచే వేలకి వేల పూసల బెజ్జాలు పుడతాయన్నమాట.

చదివేవాళ్లకి కథ ఇక్కడితో అయిపోయినట్టే ఉంటుంది. పని మాత్రం అప్పుడే మొదలవుతుంది. గొట్టాల్ని గుప్పెడేసి తీసుకుని బ్లేడు మీద పెట్టి చిన్న చిన్న ముక్కలుగా నరకాలి. ఆ ముక్కల అంచులు కత్తుల్లా ఉంటాయి. వాటిని బూడిదలో కలిపి మళ్లీ వేడిచెయ్యాలి. బూడిద బెజ్జాల్లోకి దూరి అవి పూడిపోకుండా చూస్తుంది, పూసలు ఒకదానికొకటి అంటుకోకుండానూ చూస్తుంది. సెగకి అంచులు గుండ్రబడతాయి. తర్వాత కడగడం, జల్లెడ పట్టడం, ఏరడం, గుచ్చడం. కొలిమి దగ్గర లాగే మేస్త్రి ఒక్కడు, ఈ తర్వాతి పనులకి కావలసిన చేతులు ఎన్నో. పరిశోధకుల ఫొటోల్లో ఎక్కువగా కనబడేది ఆ ఒక్కడే. మంటకున్న ఆకర్షణ అలాంటిది, ఫొటోగ్రాఫర్లని తప్పుపట్టలేం.

వెనిస్ కథ కూడా ఇంతే. అగ్నిప్రమాదాల భయంతో 1291లో గాజు కొలిముల్ని మురానో దీవికి తరలించారు. మురానో మేస్త్రీల పేర్లు తరతరాలుగా చరిత్రకెక్కాయి. అదే పూసల్ని గుచ్చిన ఆడవాళ్లని ఇంపిరారెస్సె అనేవాళ్లు. వాళ్లు చెక్క పళ్లెం నిండా పూసలు పోసుకుని, విసనకర్రలా పరిచి పట్టుకున్న పొడుగాటి సూదుల గుత్తిని అందులో గుచ్చి తీసేవాళ్లు. ఇంటి గుమ్మాల ముందు సందుల్లో కూర్చుని, గుచ్చిన లెక్కన కూలి తీసుకునేవాళ్లు. 2020లో గాజు పూసల కళని ఇటలీ, ఫ్రాన్స్‌ల తరఫున యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. గుచ్చే పనికి గౌరవం రావడానికి ఇన్ని శతాబ్దాలు పట్టింది.

మన గాజుల రాజధాని ఫిరోజాబాద్‌లోనూ అంతే. అక్కడ కరిగిన గాజు తీగని తిరిగే కడ్డీ మీద స్ప్రింగులా చుట్టి, ఆ చుట్టల్ని కోస్తే గాజులొస్తాయి. ప్రతి గాజుకీ ఒకచోట తెగిన నోరుంటుంది. ఆ రెండు కొసల్నీ సమం చేసి, సెగ మీద అతికించే పని ఫ్యాక్టరీ దాటి ఇళ్లలోకి వెళుతుంది. తాజ్‌మహల్ కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న ఇచ్చిన తీర్పుతో ఆ ప్రాంతంలోని పరిశ్రమలు బొగ్గు వదిలి గ్యాసుకి మారవలసి వచ్చింది. పాలరాతికి పట్టే మసి గురించి కోర్టు పట్టించుకుంది, మంచిదే. ఇళ్లలో అతుకు పని మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం కిరసనాయిలు దీపాల పొగలోనే సాగింది. ఆడవాళ్లతోపాటు పిల్లలూ ఆ దీపాల ముందు కూర్చున్నారన్న అపఖ్యాతి ఆ ఊరిని ఇప్పటికీ వదల్లేదు.

ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే తేలేది ఒకటే. గాజు నగల పనిలో మంట ముందు ఉన్నవాళ్లకి పేరు, మంట తర్వాతి పనికి చిల్లర. ఇప్పుడు ఇంట్లో ఒక్కతే కూర్చుని గాజు పూసలు చేసి అమ్ముకునే అమ్మాయి దగ్గరికి వద్దాం. లాగే మేస్త్రీ ఆమే, నరికే మనిషీ ఆమే, గుచ్చే ఇంపిరారెస్సె కూడా ఆమే. అయినా ధర కట్టేటప్పుడు తన్ను తాను మేస్త్రిగా మాత్రమే లెక్కవేసుకుంటుంది.

ఆమె పద్ధతి వేరు. స్టీలు చువ్వని మట్టిపూతలో ముంచి ఆరబెడుతుంది. టార్చి మంటలో గాజు కడ్డీ కొసని కరిగించి, చువ్వని తిప్పుతూ దాని మీద చుడుతుంది. సరైన వేడిలో గాజు తీగపాకంలా ఉంటుంది, ఒక క్షణం ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే చుట్టుకోదు. చువ్వ ఆగితే పూస ఒకవైపు కుంగుతుంది. కళ్లకి డిడిమియం అద్దాలు ఉండాలి. వేడెక్కిన గాజులోని సోడియం పసుపు పచ్చటి వెలుగు చిమ్ముతుంది. ఆ అద్దాలు దాన్ని ఆపితే తప్ప లోపల ఏం జరుగుతోందో కనబడదు. పూతే లేకపోతే గాజు చువ్వకి కరుచుకుపోతుంది. చల్లారాక చువ్వ లాగేస్తే మిగిలేదే బెజ్జం.

రంగులకీ వాటి లెక్క ఉంది. నీలానికి కోబాల్టు, ఊదాకి మాంగనీసు, కెంపు గులాబీకి బంగారం. అందుకే గులాబీ కడ్డీ మిగతావాటికన్నా బాగా ప్రియం. మన నల్లపూసల్లోని నలుపు కూడా చాలాసార్లు నలుపు కాదు, చిక్కటి ఊదానో ఆకుపచ్చో. ఎండకెదురుగా పట్టి చూస్తే కొన్నిటిలో తెలిసిపోతుంది. ఏ గాజు మీద ఏ గాజైనా చుట్టేద్దామంటే కుదరదు. ఇటలీ మెత్తగాజు వేడికి వ్యాకోచించే సంఖ్య 104, బోరోసిలికేట్‌ది 33. రెండూ కలిపి పూస చేస్తే చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, రెండోది ముడుచుకోనంటుంది, మధ్యలో పగులు. తెలియని కడ్డీ దొరికితే పనివాళ్లు దాన్ని తెలిసిన కడ్డీతో అతికించి సన్నటి పోగులా లాగుతారు. పోగు చల్లారి వంగిందంటే ఆ రెంటికీ పొసగదు.

పూస పూర్తయిందనుకున్నాక దాన్ని 500 డిగ్రీల సెల్సియస్ దాటిన కరెంటు బట్టీలో పెట్టి, కొంతసేపు ఆ వేడిలోనే ఉంచి, మెల్లగా చల్లార్చాలి. ఈ మెట్టు ఎగ్గొట్టినా పూస చూడ్డానికి బాగానే ఉంటుంది. లోపలి బిగువు మాత్రం పోదు. ఏ ఏసీ గది నుంచో ఎండలోకి వెళ్లినప్పుడు, ఆర్నెల్ల తర్వాత, కొన్నావిడ మెడలోనే టప్పుమంటుంది. నాసిరకం చేతి పూసకీ మంచిదానికీ తేడా ఇక్కడే, అంగట్లో కనిపెట్టే మార్గం లేదు. కొనేవాళ్లు చూడగలిగిందల్లా బెజ్జం మాత్రమే. రెండు అంచులూ లోపలికి నున్నగా ఒదిగి, తెల్లటి మట్టి లేకుండా ఉంటే, చేసిన మనిషి కంటికి కనబడని పనిని కూడా చేసి ఉంటుందని నమ్మొచ్చు.

ఆ మట్టి తీయడం చిన్న పనేం కాదు. వజ్రపు పొడి అద్దిన సన్నటి ఆకురాయిని బెజ్జంలోకి దూర్చి నీళ్లలోనే అరగదీయాలి. పొడిగా చేస్తే ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పూల పూసకి మంట ముందు 20 నిమిషాలు పట్టిందనుకుందాం. చువ్వ పూత, బట్టీ, శుభ్రం, పగిలినవాటి లెక్క, జత కుదర్చడం, కొక్కేలు బిగించడం, ఫొటో, ప్యాకింగు, కొరియర్ కలిపితే ఆ పూస మీద ఇంకో 40 నిమిషాలు ఖర్చయినా వింతేం లేదు. గంట పనికి 20 నిమిషాల కూలి వేసుకుని, ఆపైన కడ్డీ, గ్యాసు ధరలు కలిపి రేటు చెబుతుంది. అమ్మకాలు బాగున్నాయి, డబ్బు మిగలడం లేదని వాపోయేవాళ్లు ఈ వృత్తిలో తరచు కనబడడానికి కారణం దురదృష్టం కాదు, ఈ కూడికే.

ప్రదర్శనలో బేరం ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే.

‘‘ఏమ్మా, ఇంత పూసకి ఆరొందలా? గాజేగా!’’

‘‘చేత్తో చేసింది ఆంటీ.’’

‘‘నాలుగొందలకి ఇచ్చెయ్.’’

ఆ రెండొందలూ గాజు కడ్డీ ధరలోంచి పోవు, అది ముందే కట్టేసింది. గ్యాసు డీలరు తగ్గించడు. తగ్గేది ఆకురాయి పట్టుకున్న నిమిషాలే.

ఈ విషయంలో చార్మినార్ పక్కన లాడ్ బజారు వ్యాపారులు గడుసువాళ్లు. లక్కని సెగ చూపించి సాగదీసి, గాజు రాళ్లూ అద్దాలూ ఒక్కొక్కటే అద్దడం కొన్ని దుకాణాల్లో కొనేవాళ్ల ముందే జరుగుతుంది. సైజు కుదరకపోతే అక్కడికక్కడే వేడిచేసి సరిచేస్తారు. చేతిపని కళ్లముందు జరుగుతుంటే బేరమాడే గొంతు కాస్త తగ్గుతుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పన్నులోనూ గాజులకి వెసులుబాటుంది. మామూలు గాజులకీ లక్క గాజులకీ జీఎస్టీ లేదు, అదే గాజు పూసల్ని గొలుసుగా గుచ్చితే ఇమిటేషన్ నగల కింద 3 శాతం పడుతుంది. ముంజేతికి లేని పన్ను మెడకెందుకో సర్కారుకే తెలియాలి.

పూసలు చేసేవాళ్లూ ఇప్పుడు వీడియోలు పెడుతున్నారు. అన్నిటిలోనూ నీలి మంట, మెరిసే గాజు. ఆకురాయితో నీళ్లలో రుద్దే వీడియో ఎవరూ పెట్టరు, పెట్టినా ఎవరు చూస్తారు? అలాంటిది ఒకటి పెట్టి, కింద ఆ పూస ధర రాస్తే మాత్రం బేరానికి జవాబు దొరికినట్టే.

వ్యాపారం నిలబెట్టేది కూడా వీడియోలోకెక్కే పెద్ద పూల పూస కాదు. దాని దగ్గర అందరూ ఆగుతారు, కొనుక్కుపోయేది కమ్మలు. కమ్మల్లో కష్టం ఏమిటంటే రెండూ ఒక్కలా ఉండాలి. మియుకీ లాంటి జపాన్ కంపెనీల యంత్రపు పూసలైతే వేలల్లో ఒకే కొలతగా వస్తాయి, చేతికి అది చేతకాదు. అందుకని నాలుగు చేసి, దగ్గరగా ఉన్న రెంటిని జత కడతారు. మిగిలిన ఒంటి పూసలు ఒక డబ్బాలో చేరతాయి. డబ్బా నిండాక వాటిని కలిపి ఒక బ్రేస్‌లెట్ గుచ్చుతారు. ఏ రెండు పూసలూ ఒకటిలా లేవని చెప్పి కమ్మలకన్నా ఎక్కువ రేటు అడుగుతారు.