ఆముక్తమాల్యదలో నాయకగుణము

1509 నుండి 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు తన 'ఆముక్తమాల్యద' చతుర్థాశ్వాసమున యామునాచార్యునిచే కుమారునకు రాజనీతి చెప్పించెను. చెరువులు, కాలువలు త్రవ్వింపుము, పేదరైతునకు పన్ను తగ్గింపుము, రేవులను వృద్ధిచేసి వాణిజ్యమును పెంపొందింపుము, ఆపదవలన తీరము చేరిన పరదేశీయులను ఆదరింపుము అను హితవులు అందు కలవు. వర్తకమే జీవముగాగల మన చిక్కపేటకు, పరభాషాసీమలో తరములుగా స్థిరపడిన మనకు ఈ మాటలు మిక్కిలి దగ్గరివి.

అయితే ఇందు లోపము లేదనరాదు. శత్రువులను, చారులను గూర్చిన పద్యములలో అనుమానమే అధికము. ఆ నీతి రాజునకు చెల్లవచ్చును గాని సంఘనాయకునకు చెల్లదు.

నా దృష్టిలో ఈ ఘట్టమునకు ప్రాణము పద్యములలో కంటె సందర్భమునందే యున్నది. యామునుడు రాజ్యమును కొడుకున కప్పగించి, శ్రీరంగనాథుని సేవకు పోవుచు ఈ మాటలు పలికెను. గద్దె విడువగలవాని హితవు గనుకనే దానికి బరువు వచ్చినది. గుమాస్తాగా పదవీవిరమణ పొందిననాడు బీరువా తాళపుచెవులు అప్పగించుటకే నా చేయి తడబడినది. ఇక రాజ్యము మాట చెప్పవలెనా! మన సంఘములలో పెద్దలమైన వారము ఓర్పు, ఔదార్యములతోపాటు, తగినవేళ యువకులకు చోటిచ్చు గుణమును గూడ అలవరచుకొందుము గాక.