వేడెక్కాక తడబడే ఇంజను

చల్లగా ఉన్నంతసేపు నిలకడగా తిరిగి, వేడెక్కిన తరువాత మాత్రమే మిస్‌ఫైర్‌కు, అంటే ఏదో ఒక సిలిండరులో ఇంధనం సరిగా మండకపోవడానికి, లోనయ్యే పెట్రోలు ఇంజను మెకానిక్ నైపుణ్యానికి గట్టి పరీక్ష. షెడ్డుకు చేరి చల్లారేసరికి దోషం కనిపించదు. అందువల్ల అనుభవజ్ఞుడు విడిభాగాలు మార్చడానికి తొందరపడక, బండిని తిప్పి, దోషం బయటపడ్డాకనే స్కానర్ తగిలిస్తాడు. ఉదాహరణకు, అది చూపే పీ0302 అనే సంకేతం రెండవ సిలిండరును సూచిస్తుందే తప్ప కారణం చెప్పదు.

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను నిప్పురవ్వ పుట్టించగల వేల వోల్టులకు పెంచే ఇగ్నిషన్ కాయిల్‌లో, వేడికి తీగచుట్టల నిరోధం పెరగడమే కాక, బీటవారిన ఇన్సులేషన్ గుండా విద్యుత్తు పక్కదారి పట్టవచ్చు కనుక, సిలిండరుకొక కాయిల్ ఉన్న కార్లలో అతడు ఇంజను ఆపి, రెండవ కాయిల్‌ను మూడవదానితో తారుమారు చేస్తాడు. సంకేతం పీ0303గా మారితే దోషం దాదాపుగా కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టరు, వేడికి సాగి పూర్తిగా మూసుకోని వాల్వు అనుమానానికి వస్తాయి. పైసా ఖర్చులేని ఈ పరీక్షలోని తర్కం ఏ ప్రయోగశాలకూ తీసిపోదు. వాహనదారులు కూడా తడబాటు ఎంతసేపటికి, ఎత్తు ఎక్కేటప్పుడా సిగ్నల్ వద్ద ఆగినప్పుడా వస్తున్నదో గమనించి అతనికి చెప్పాలి.