చెంచా, తలుపు, రైలు చప్పుడు

ఖైదీ తప్పించుకున్నాడని పేరులోనే చెప్పేసి, ఆ తర్వాత సినిమా పొడవునా మనల్ని ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టిన దర్శకుడు రాబర్ట్ బ్రెస్సన్. 1956లో ఆయన తీసిన ఫ్రెంచి చిత్రం ‘ఎ మ్యాన్ ఎస్కేప్డ్’లో ముగింపు దాచిపెట్టలేదు. ఇక చూడాల్సింది పనే: తలుపు ఎలా తెరుచుకుంది, తాడు దేంతో పేనాడు, గోడ ఎలా దాటాడు. చేతిపనిని ఇంత శ్రద్ధగా చూసిన సినిమా నాకు తెలిసి మరొకటి లేదు.

కథ నిజంగా జరిగిందే. ఫ్రాన్స్ నాజీల చేతుల్లో ఉండగా, 1943లో, ప్రతిఘటన ఉద్యమకారుడు ఆంద్రే దెవిన్యీ లియోన్ నగరంలోని మోంలూక్ జైలు నుంచి పారిపోయాడు. ఆయన రాసుకున్న జ్ఞాపకాలే సినిమాకు ఆధారం. బ్రెస్సన్ కూడా కొంతకాలం జర్మన్ల దగ్గర యుద్ధఖైదీగా ఉన్నవాడే. కథానాయకుడు ఫోంటేన్‌గా కనిపించే ఫ్రాన్సువా లెతెర్రియే అంతకుముందు నటుడు కాడు. బ్రెస్సన్‌కు కావలసిందీ అదే. ముఖంలో భావాలు పలికించడం ఆయనకు అక్కర్లేదు. అందుకే కెమెరా చేతుల దగ్గర అంతసేపు ఆగుతుంది.

మొదటి సన్నివేశమే చూడండి. ఫోంటేన్‌ను కారులో జైలుకు తీసుకెళుతున్నారు. అతని చెయ్యి మెల్లగా డోర్ హ్యాండిల్ దాకా వెళ్తుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ వెళ్తుంది. కారు నెమ్మదించిన క్షణాన దూకేస్తాడు. కెమెరా మాత్రం అతని వెంట పరుగెత్తదు, కారులోనే ఉండిపోతుంది. బయట అరుపులు, తుపాకి మోతలు. కాసేపటికి అతన్ని తెచ్చి అదే సీట్లో కూలేస్తారు. వెంటాడే దృశ్యం ఒక్కటీ తీయకుండా, వెంటాడినంత పనీ మన చెవులతో చేయించాడు. సినిమా మొత్తాన్ని ఎలా చూడాలో నేర్పే పాఠం ఇది.

ఇక తలుపు. ఓక్ పలకలతో చేసిన తలుపది. పలకకూ పలకకూ నడుమ అతుకు మాత్రం మెత్తటి చెక్క. ఆ సంగతి ఫోంటేన్ కనిపెట్టాడు. ఇనప చెంచా పిడిని నేలకేసి అరగదీసి ఉలిగా మార్చి, ఆ అతుకును గీకడం మొదలుపెడతాడు. రాలిన చెక్కపొట్టు కాపలావాడి కంటపడకూడదు. చెక్క విరిగిన చప్పుడు నడవాలో వినబడకూడదు. మంచం తీగకు గుడ్డపేలికలు చుట్టి తాడు, లాంతరు చట్రం వంచి కొక్కేలు. ఆ కొక్కేలు కావాలని చెప్పింది తోటి ఖైదీ ఓర్సిని. తాను పారిపోబోయి పట్టుబడి, ప్రాణం పోయే ముందు ఆ ఒక్క ముక్కా చెప్పిపోయాడు. ఒకడి ఓటమి మరొకడి చేతిలో పనిముట్టు కావడాన్ని బ్రెస్సన్ కన్నీళ్లు పెట్టించకుండా చూపిస్తాడు. అందుకే అది అంత లోతుగా తగులుతుంది.

చూపించనివన్నీ వినిపిస్తాడు. మెట్ల కమ్మీని తాళంచెవితో తాటించుకుంటూ వచ్చే కాపలావాడు, దూరాన ట్రామ్, రైలు. కప్పు మీద పరిచిన కంకర రాళ్ల మీద అడుగెయ్యాలంటే రైలు చప్పుడు రావాలి. అది ఆగితే అడుగూ ఆగాలి. గోడ దగ్గర ఏదో కిర్రుమంటుంటే ఏమిటో మొదట అర్థం కాదు, చివరికది కాపలావాడి సైకిలని తెలుస్తుంది. సంగీతం బహు తక్కువ. ఖైదీలు మలమూత్రాల బాల్చీలు ఒంపడానికి ఆవరణలోకి దిగేటప్పుడు మొజార్ట్ ప్రార్థనా సంగీతం వినిపిస్తుంది. ఆ పనికి ఆ సంగీతం పెట్టడంలో ఆ మనుషుల పట్ల దర్శకుడికున్న గౌరవం నాకు కనబడుతుంది.

దీని పక్కన డాన్ సీగల్ 1979లో తీసిన ‘ఎస్కేప్ ఫ్రం అల్కాట్రాజ్’ పెట్టి చూడాలి. 1962లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి దీవి జైలు నుంచి ముగ్గురు మాయమైన ఉదంతం అది. అక్కడా గోడ తవ్వడమే, అక్కడా చెంచా ఉంది. పక్కమీద కాపలావాళ్లను మోసగించే బొమ్మ తలలూ ఉన్నాయి. క్లింట్ ఈస్ట్‌వుడ్ మాట తక్కువ, పని ఎక్కువ. చక్కటి సినిమా. కాని హాలీవుడ్ అలవాటు కొద్దీ కటికవాడైన వార్డెన్‌ను మధ్యలో నిలబెట్టి, మన కోపాన్ని అతని మీదకు మళ్లించింది. బ్రెస్సన్ జైలులో కాపలావాళ్లకు ముఖాలు దాదాపు లేవు. బూట్లు, తాళాలు, కేకలు, అంతే. కోపగించుకోవడానికి మనిషి దొరకనప్పుడు మన ధ్యాసంతా తలుపు మీదే ఉంటుంది. యూరప్ సినిమా నత్తనడక, అమెరికా సినిమా పరుగు అనే మాట కూడా ఇక్కడ చెల్లదు. బ్రెస్సన్ షాట్లలో ఒక్కటీ అవసరం తీరాక నిలబడదు.

అంతా సిద్ధమయ్యాక ఫోంటేన్ గదిలోకి జోస్ట్ అనే కుర్రవాణ్ని తెచ్చి పడేస్తారు. వేగులవాడో కాదో తెలియదు. చంపాలా, వెంట తీసుకెళ్లాలా? నమ్మి తీసుకెళ్తాడు. తీరా ఒక గోడ దగ్గరకొచ్చాక తెలుస్తుంది, రెండో మనిషి భుజం ఆసరా లేకపోతే అది ఎక్కడం ఫోంటేన్ వల్ల అయ్యేది కాదని. నెలల తరబడి వేసిన పథకంలో లేని మనిషే దాన్ని గట్టెక్కించాడు. ఇంత పెద్ద మలుపును ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగిపోవడం బ్రెస్సన్‌కే చెల్లింది.

మొదటిసారి చూసేవారికి ఒక్క మనవి. ఫోన్ స్పీకర్‌లో చూడకండి. రాత్రిపూట ఫ్యాన్ కూడా ఆపి, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. ఈ సినిమాలో సగం కథ గోడ అవతలే జరుగుతుంది.