శ్వాసమార్గ శిక్షణలో వాయిస్ అసిస్టెంటు: ఒక విమర్శ

శ్వాస నిలిచిన రోగికి నిమిషములే ఆయువు. అట్టి వేళ వైద్యుని చేతులు గొట్టముపైనను, చూపు కంఠముపైనను నుండును. గోడమీది పట్టికను చదువుటకు తీరిక యుండదు. కావున బొమ్మపై అభ్యసించువారికి తరువాతి మెట్టును వాయిస్ అసిస్టెంటుచే వినిపింపజేయు ఆలోచన మెచ్చదగినదే.

బ్రిటనునందలి డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2015లో ప్రకటించిన మార్గసూచి నాలుగు మెట్లు గలది: శ్వాసనాళమున గొట్టము వేయుట, స్వరపేటికపై సాధనము నమర్చుట, మాస్కుతో ఊపిరి అందించుట, ఇవన్నియు విఫలమైనచో కంఠముపై కత్తిగాటు. ఈ క్రమమును యంత్రము తడబడక చెప్పగలదు.

అయితే 2005లో ఇంగ్లండునందు ఎలేన్ బ్రోమిలీ అను ఇద్దరు బిడ్డల తల్లి సామాన్య శస్త్రచికిత్సకై వచ్చి, మత్తు ఇచ్చిన పిదప శ్వాస అందక, కొన్ని దినములకు మరణించెను. ఆనాడు ఒక నర్సు కంఠమును తెరచుటకు కావలసిన సామగ్రిని తెచ్చి తెలిపెను; వైద్యులు గొట్టము వేయు ప్రయత్నమునందే మునిగియుండిరి. అచట కొరవడినది చెప్పెడి గొంతు కాదు, వినెడి చెవి.

పిలిచిననే పలుకు యంత్రము, పిలుచుటయే మరచినవానికి అక్కరకు రాదు. అది కాలమును లెక్కించి తానుగా హెచ్చరింపవలెను. మెట్లు సరిగా చెప్పినదా యనుటకంటె, ఆ మాట విని అభ్యాసకుడు విఫలయత్నమును మానెనా యనుటయే దానికి తగిన పరీక్ష. యంత్రమునకు చెవి యొగ్గినవాడు ప్రక్కనున్న నర్సు మాటకును చెవి యొగ్గిననాడే ఆ శిక్షణ సార్థకము.